జోధా రాకతోనే జలాల్ మారాడా? తేదీలు వేరే కథ చెబుతున్నాయి

జోధా అక్బర్ సీరియల్ అభిమానులు ఇద్దరు కలిశారంటే మాట చివరికి అక్కడికే వస్తుంది. అక్బర్ మొదటి భార్య రుకయ్యా నిజంగా అంత అసూయపరురాలా? అతన్ని పెంచిన దాది మాహం అంగా అన్ని కుట్రలు పన్నిందా? జోధా రాకపోతే జలాల్, అంటే కుర్ర అక్బర్, రాతిగుండెతోనే ఉండిపోయేవాడా? 2013 జూన్ నుంచి 2015 ఆగస్టు దాకా నడిచిన సీరియల్ మీద ఈ వాదనలు ఇంకా చల్లారలేదు. జలాల్‌గా రజత్ టోకస్ చూపు గొప్పదా, జోధాగా పరిధి శర్మ నెమ్మది గొప్పదా అన్నది ఎవరి రుచి వాళ్ళది. పాత్రని మలిచిన తీరు అలా కాదు, దాన్ని కొలిచి చూడొచ్చు. ఏ సీను గురించి వాదన వచ్చినా నాలుగు సంగతులు చూసుకుంటే చాలు: ఆ ఏడాదికి ఆ మనిషి వయసెంత, అప్పటికి బతికే ఉన్నారా, ఏ ఊళ్ళో ఉన్నారు, జనం ఏ పేరుతో పిలిచేవారు. సగం తగాదాలు అక్కడే తెగిపోతాయి.

ముందు జలాల్ సంగతి. సీరియల్ మొత్తం ఒకే గీత మీద నడుస్తుంది: కరుడుగట్టిన జలాల్, ప్రేమ తాకిడికి కరిగి, అక్బర్ అవుతాడు. అక్బర్ గద్దెనెక్కింది 1556 ఫిబ్రవరి 14న, పంజాబ్‌లోని కలానూర్‌లో. అప్పటికి పదమూడేళ్ళు. ఆమేర్ రాజు భార్‌మల్ కూతురితో పెళ్ళి 1562 ఫిబ్రవరి 6న. అప్పటికి పంతొమ్మిది. అంటే తెర మీద కనిపించే ఆ పండిపోయిన విజేత నిజానికి మీసకట్టు వస్తున్న కుర్రాడు. ఆ మధ్యలో నాలుగేళ్ళు రాజ్యం నడిపింది సంరక్షకుడు బైరం ఖాన్. పానిపట్టులో ఓడి పట్టుబడ్డ హేమూ తల నరికిన సీనునే తీసుకోండి. సంకెళ్ళలో ఉన్నవాడి మీద కత్తి ఎత్తనని అక్బర్ అన్నాడనీ, బైరం ఖానే నరికాడనీ అబుల్ ఫజల్ రాశాడు. అక్బరే మొదటి దెబ్బ వేశాడన్న రచనలూ ఉన్నాయి. ఏది నమ్మినా అక్కడ నిలబడ్డది పద్నాలుగేళ్ళ పిల్లాడు.

పెళ్ళి తర్వాత వరసగా మంచి నిర్ణయాలు వచ్చిన మాట నిజమే. యుద్ధంలో చిక్కినవాళ్ళ భార్యాబిడ్డల్ని బానిసలుగా పట్టుకోకూడదని 1562లో ఆజ్ఞ, 1563లో యాత్రికుల పన్ను రద్దు, 1564లో ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను రద్దు. ప్రేమ మార్చేసిందనే వాళ్ళకి ఇవి బలమైన సాక్ష్యాలే. కానీ అక్కడితో లెక్క ఆపేస్తే ఎలా? 1567 అక్టోబరులో చిత్తోడ్ ముట్టడి మొదలైంది. 1568 ఫిబ్రవరిలో కోట పడింది. పడ్డాక జరిగిన ఊచకోతలో చనిపోయినవాళ్ళు దాదాపు 30,000 మంది అని చెప్పింది శత్రువు కాదు, ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజలే. పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. క్రూరత్వం ముందు, దయ తర్వాత అన్న గీత ఇక్కడ తెగిపోతుంది. పన్ను రద్దు చేసినవాడూ చిత్తోడ్‌లో కోత కోయించినవాడూ ఒకే మనిషి. ఆ రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయని చూపించడం నటుడికి పెద్ద పరీక్ష. రచయితలు ఆ పరీక్ష పెట్టలేదు. మంచిపేరంతా జోధా ఖాతాలో వేసి, చెడ్డపేరు చెవిలో ఊదినవాళ్ళ మీదకి తోసేశారు.

ఆ ఊదినవాళ్ళలో మొదటి పేరు మాహం అంగా. అశ్వినీ కల్సేకర్ కళ్ళతోనే భయపెట్టారు, అందులో రెండో మాట లేదు. కానీ క్యాలెండర్ తీయండి. మాహం కొడుకు అధం ఖాన్ 1562 మే 16న ఆగ్రా కోటలో మంత్రి అత్గా ఖాన్‌ని చంపించాడు. ఆ గొడవకి నిద్రలేచి వచ్చిన అక్బర్ అధం ముఖం మీద పిడికిలితో గుద్ది, మేడ మీంచి తోయించాడు. ప్రాణం పోలేదని మళ్ళీ పైకి తెప్పించి రెండోసారి తోయించాడు. తర్వాత తనే మాహం దగ్గరకి వెళ్ళి చెప్తే, మంచి పని చేశారని మాత్రం అందట. నలభై రోజులకి ఆవిడా పోయింది. పెళ్ళి ఫిబ్రవరిలో, మాహం మరణం జూన్ నెలాఖరులో. అత్తాకోడళ్ళ పోరులా వందల ఎపిసోడ్లు సాగిన ఆ పగకి చరిత్రలో దొరికే చోటు అయిదు నెలలు కూడా లేదు.

అలాగని మాహం చిన్న మనిషి కాదు. అక్బర్ ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు, 1543లో, తల్లిదండ్రులు ఇరాన్ దారి పట్టారు. పిల్లాడు కాందహార్‌లో బాబాయి అస్కరీ చేతుల్లో పడ్డాడు. మళ్ళీ తల్లి ఒడి చేరింది 1545లో. ఆ రెండేళ్ళూ కనిపెట్టుకుని ఉన్నది దాదులే. వాళ్ళలో మాహం అంగా, జీజీ అంగా ముఖ్యులు. జీజీ భర్తే అధం ఖాన్ చేతిలో పోయిన అత్గా ఖాన్. అంటే 1562 మేలో జరిగింది ఒక పెంపుడుతల్లి కొడుకు ఇంకో పాలతల్లి తాళి తెంచడం. జీజీ కొడుకు అజీజ్ కోకా తర్వాత ఎన్నిసార్లు ఎదురు తిరిగినా, మా ఇద్దరి మధ్య పాల నది ఉంది, దాన్ని నేను దాటలేను అనేవాడట అక్బర్. ఇంత సరుకు చేతిలో ఉండి, విషం కలిపిన షర్బత్‌ల మీద ఎపిసోడ్లు గడపడమేమిటో! ఢిల్లీలో పురానా ఖిలా ఎదురుగా మాహం 1561లో కట్టించిన ఖైర్-ఉల్-మనాజిల్ మసీదు ఇప్పటికీ ఉంది. ఆమె పోయాక, 1564 జనవరిలో, అక్బర్ భుజంలో బాణం దిగింది ఆ మసీదులోని మదరసా మీంచే. వేసినవాడు మీర్జా షరఫుద్దీన్ బానిస.

ఈ షరఫుద్దీన్ ముడి తెలిస్తేనే పెళ్ళి ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. అతను మేవాత్ వైపు మొఘల్ అధికారి. భార్‌మల్ అన్న పూరణ్‌మల్ కొడుకు సూజా గద్దె కోసం అతన్ని ఆశ్రయించాడు. షరఫుద్దీన్ ఆమేర్ మీద పడి, భార్‌మల్ కొడుకు జగన్నాథ్‌నీ, అన్నదమ్ముల కొడుకులు రాజ్‌సింగ్, ఖంగార్‌లనీ తాకట్టుగా పట్టుకున్నాడు. అజ్మీర్ దర్గాకి వెళ్తున్న అక్బర్‌ని భార్‌మల్ సాంగానేర్ దగ్గర కలిశాడు, తిరుగుదారిలో సాంభర్‌లో పెళ్ళి జరిగింది. ఆమేర్ కోటలో నెలల తరబడి సాగే పెళ్ళి సంబరాలు సెట్ డిజైనర్ పుణ్యం. ఇప్పుడు మనం చూసే ఆమేర్ కోట చాలా మటుకు మాన్‌సింగ్ కాలంలోనూ ఆ తర్వాతా కట్టినది. ఆ మాన్‌సింగ్ పెళ్ళినాటికి పెళ్ళికూతురికి పదకొండేళ్ళ మేనల్లుడు.

పేరు మీద గొడవ అందరికీ తెలిసిందే, కాబట్టి క్లుప్తంగా. అబుల్ ఫజల్ రాసిన అక్బర్‌నామాలో జోధా అన్న పేరు లేదు. ఆమె బిరుదు మర్యమ్-ఉజ్-జమానీ. జోధ్‌బాయి అనే పేరు అతికేది జోధ్‌పూర్ మోటా రాజా ఉదయ్‌సింగ్ కూతురు జగత్ గోసాయిన్‌కి. ఆమె 1586లో అక్బర్ కొడుకు సలీంని, అంటే తర్వాతి జహంగీర్‌ని, పెళ్ళాడింది, షాజహాన్ తల్లి. వరసకి మన జోధాకి కోడలు.

ఇక్కడే రుకయ్యా విషయం ఆసక్తిగా మారుతుంది. సీరియల్‌లో రుకయ్యాకి ఉన్న పనల్లా జోధా మీద పగ. నిజం రుకయ్యా హుమాయూన్ తమ్ముడు హిందాల్ కూతురు. అక్బర్‌కి తోడబుట్టినంత దగ్గరి చుట్టం, మొదటి భార్య, ఇంచుమించు ఒకే ఈడు. 1551లో హిందాల్ యుద్ధంలో చనిపోయాక ఆ పెళ్ళి కుదిరింది. పిల్లలు లేరు. 1592 జనవరిలో లాహోర్‌లో ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్, పుట్టిన ఆరో రోజున మనవడిని ఆమె చేతుల్లో పెట్టారు. సొంత కొడుకు కన్నా వెయ్యి రెట్లు ఎక్కువగా ప్రేమించిందని జహంగీరే రాసుకున్నాడు. అంటే అసలైన జోధ్‌బాయి కొడుకుని పెంచి పెద్ద చేసింది, తెర మీద జోధాకి శత్రువుగా చూపించిన రుకయ్యానే. 1626లో, ఎనభై దాటాక పోయింది. సమాధి కాబూల్‌లో, బాబర్ తోటలో. అలిగే సవతిగా కాకుండా, గొడ్రాలితనాన్ని మోస్తూనే అంతఃపురంలో తన గౌరవం ఎన్నడూ పోగొట్టుకోని పెద్ద బేగంగా రాసుంటే లవీనా టండన్‌కి ఎంత పాత్ర దొరికేది!

హమీదా బానూనీ అలాగే పలచన చేశారు. కొడుకు, కోడలు అలిగితే కన్నీళ్ళు పెట్టుకునే అమ్మ. అసలు హమీదా ఎలాంటిదో ఆడపడుచు గుల్‌బదన్ రాసిపెట్టింది. 1541లో హుమాయూన్ పెళ్ళికి అడిగితే ఈ పిల్ల నలభై రోజులు ఒప్పుకోలేదు. చేసుకుంటే నా చెయ్యి కాలరుకి అందేవాణ్ణి చేసుకుంటాను, అంగీ అంచు కూడా అందనివాణ్ణి కాదు అందట. ఆ పొగరు పిల్ల యాభై ఏళ్ళు దాటాక ఎలా ఉంటుందో ఊహించి రాయాల్సింది.

ఒంటి తీరు దగ్గరకొద్దాం. జహంగీర్ వర్ణనలో తండ్రిది నడిమి ఎత్తు, గోధుమ వన్నె, సింహం లాంటి దేహం, విశాలమైన ఛాతీ, పొడుగు చేతులు, ముక్కుకి ఎడమ పక్క సగం శనగగింజంత పుట్టుమచ్చ. 1580లో ఫతేపూర్ వచ్చిన పాద్రీ మోన్సెరాట్ ఇంకొన్ని చెప్పాడు: ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తాడు, తల కుడి భుజం మీదకి వాలుతుంది, గడ్డం గీయించి మీసం ఉంచుతాడు. రజత్ నిటారు నడక అందంగా ఉంటుంది కానీ, ఆ చిన్న కుంటి, ఆ వాలిన తల తెర మీదకి వస్తే పాత్ర రంగే మారేది.

నమస్కారాలు మరీ అన్యాయం. తెర మీద అందరూ చెయ్యి ముఖం దగ్గర ఆడించి ఆదాబ్ అంటారు. అబుల్ ఫజల్ రాసిన అయీన్-ఎ-అక్బరీలో పద్ధతి స్పష్టంగా ఉంది. కోర్నిష్ అంటే కుడి అరచెయ్యి నుదుటి మీద ఆనించి తల వంచడం. తస్లీం అంటే కుడిచేతి వెనకభాగం నేలకి ఆనించి, నెమ్మదిగా లేపుతూ నిటారుగా నిలబడి, అరచెయ్యి నడినెత్తిన పెట్టుకోవడం. మన్సబు అనే హోదా, జాగీరు, ఏనుగు, గుర్రం లాంటివి దక్కినప్పుడు మూడు తస్లీంలు, మామూలుగా ఒకటే. నటులకి ఒక పూట నేర్పిస్తే వచ్చేస్తుంది. పైగా ఎవరు పూర్తిగా వంగారు, ఎవరు సగంలో లేచారు అన్నదాంతోనే ఎవరి మనసులో ఏముందో మాట లేకుండా చెప్పొచ్చు.

విషప్రయోగం సీన్లూ అంతే. పాదుషా భోజనం వంటవాళ్ళు రుచి చూశాక వంటశాల పెద్ద మీర్ బకావల్ రుచి చూసేవాడు. బంగారు, వెండి పాత్రలు ఎర్ర గుడ్డలోనూ, రాగి, పింగాణీవి తెల్ల గుడ్డలోనూ కట్టి ముద్ర వేసేవారు. ఏ గిన్నెలో ఏముందో రాసి పంపేవారు. అంతఃపురం లోపల కాపలా ఆడవాళ్ళది, బయట నపుంసకులది, కొంచెం దూరంలో రాజపుత్రులది. ఇన్ని గడపలు దాటి ఒక దాసి కొంగులో పొట్లంతో వచ్చి పాయసంలో కలిపేసిందంటే కుట్ర తెలివైనది కాదు, రచన బద్ధకమైనది. ఆ గడపలు ఒక్కొక్కటే ఎలా దాటారో చూపిస్తే అదే రెండు వారాల కథ. అన్నట్టు, ఆ వంటింట్లో ఎర్ర మిరపకాయలు కనిపిస్తే నవ్వుకోండి. అయీన్ వంటకాల్లో కారమంటే మిరియాలూ అల్లమే.

వెనకాల పాలరాతి మండపాలున్నా అంతే. అక్బర్ ఎర్రరాతి ఆగ్రా కోట పని మొదలైంది 1565లో, ఫతేపూర్ సిక్రీ 1571లో. ఆగ్రాలో పాలరాతి సొగసు షాజహాన్‌ది. 1562 నాటి సభలో అబుల్ ఫజల్ కూర్చుని ఉన్నా అనుమానించాల్సిందే, ఆయన కొలువులో చేరింది 1574లో.

సలీం, అనార్కలి దగ్గర కూడా వయసే చూడండి. లాహోర్ సమాధి మీద ఉన్న తేదీల్లో మొదటిది 1599కి సరిపోతుంది. అప్పటికి సలీంకి ముప్పై ఏళ్ళు, కొడుకు ఖుస్రోకే పన్నెండు. అక్బర్‌నామాలోగానీ జహంగీర్ సొంత రాతల్లోగానీ ఆమె పేరు లేదు. తండ్రీకొడుకులు తగువు పడింది రాజ్యం కోసం. సలీం అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టుకున్నాడు, 1602లో అబుల్ ఫజల్‌ని చంపించాడు.

ఆ తగువులోనే సీరియల్ వదిలేసిన మంచి పాత్ర ఉంది, బైరం ఖాన్ పోయాక అక్బర్ పెళ్ళాడిన సలీమా బేగం. తెర మీద నెమ్మదిగా మాట్లాడే విధవరాలిగా వచ్చి పక్కన నిలబడిపోయింది. బైరం ఖాన్ కొడుకు రహీంకి సవతి తల్లే తప్ప కన్నతల్లి కాదు, అతని తల్లి మేవాత్ జమాల్ ఖాన్ కూతురు. సలీమా బాబర్ మనవరాలు, మఖ్ఫీ పేరుతో కవిత్వం రాసింది, గుల్‌బదన్‌తో కలిసి హజ్‌కి వెళ్ళి ఏళ్ళ తర్వాత 1582లో తిరిగొచ్చింది. అబుల్ ఫజల్ హత్య తర్వాత అక్బర్ కొడుకు పేరు వినడానికి కూడా ఇష్టపడని రోజుల్లో, అరవై దాటిన ఈవిడే అలహాబాద్ దాకా వెళ్ళి సలీంకి నచ్చజెప్పి తీసుకొచ్చింది. ఆగ్రాలో అతన్ని తన ఇంట దించుకున్నది డెబ్భై దాటిన హమీదా. తండ్రీకొడుకులు ఎదురుపడ్డది ఆ ఇంట్లో. సలీం కాళ్ళ మీద పడ్డాడు, అక్బర్ తన తలపాగా తీసి కొడుకు తలకి పెట్టాడు.