సిలబస్‌లో లేని లోట్టో, నెట్ మూడో అటెంప్ట్

ముందే చెప్పేస్తున్నా. నెలన్నర పాటు నేను వెంటపడిన 16వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు లొరెంజో లోట్టో మీద ఆ రోజు నా పేపర్లో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అయినా మూడో అటెంప్ట్‌లో యూజీసీ నెట్ (కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష) గట్టెక్కానంటే అందులో ఆయన వాటా పెద్దదే. "ఏ పుస్తకాలు చదివారు, రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నారు" అని అడిగేవాళ్ళకి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. విజువల్ ఆర్ట్స్ రాస్తున్నవాళ్ళు, ముఖ్యంగా బీఎఫ్‌ఏలో థియరీ క్లాసులు ఎగ్గొట్టి ఇప్పుడు తల పట్టుకుంటున్న నాలాంటివాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి.

పరీక్ష సంగతి మీకు తెలిసిందే. రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. నెగటివ్ మార్కులు లేవు. అందరికీ ఉండే పేపర్ వన్ నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, ముంచింది సబ్జెక్టు మీదుండే పేపర్ టూనే. మొదటి రెండుసార్లూ నా దగ్గరున్నది ఒక కోచింగ్ వాళ్ళ పీడీఎఫ్. ఎడమవైపు కళాకారుడు, మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంవత్సరం. వెనిస్ చిత్రకారులంటే బెల్లిని, జార్జోనె, టిషియన్, టింటొరెట్టో, వెరొనీసె. అంతటితో వెనిస్ అయిపోయింది. ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను. హాల్లో "కాలక్రమంలో అమర్చండి" అంటూ నాలుగు బొమ్మల పేర్లు కనబడగానే అన్నీ కలగాపులగం అయిపోయేవి. కాక ఏమవుతాయి? అందులో సగం బొమ్మలు నేను చూడనేలేదు. పెయింటింగ్‌లో డిగ్రీ చేసిన మనిషిని, బొమ్మ చూడకుండా బొమ్మల పరీక్షకి వెళ్ళాను!

రెండోసారి కటాఫ్ దాటక, వారం రోజులు పుస్తకం ముట్టకుండా తిరిగి, మళ్ళీ కూర్చున్నప్పుడు కళా విమర్శ చాప్టర్‌లో జియోవాన్ని మోరెల్లి దగ్గర ఆగాను. ఈయన 19వ శతాబ్దపు మనిషి, వైద్యం చదివినవాడు. సంతకం లేని బొమ్మ ఎవరిదో చెప్పాలంటే ముఖాలూ భంగిమలూ కాదు, చెవి తమ్మె, గోరు, వేలి మడత చూడమన్నాడు. చిత్రకారుడు పరధ్యానంగా వేసేవి అవేనట. మన కంసాలి నగ వెనక్కి తిప్పి అతుకు చూసి, ఇది ఫలానావాళ్ళ చేతిపని అని చెప్పేస్తాడే, అదే పద్ధతి. ఆయనకి శిష్యుడి వరసవాడు బెర్నార్డ్ బెరెన్సన్ అనే కళా పండితుడు. 1890లో, ఇంకా పాతికేళ్ళు, ఇటలీలోని బెర్గమో ఊళ్ళో ఒక కాఫీ బల్ల దగ్గర స్నేహితుడితో కూర్చుని, ఏది నిజంగా లోట్టో బొమ్మో, ఏది కాదో తేల్చేదాకా వదిలేది లేదని నిర్ణయించుకున్నాడట. ముసలితనంలో తానే రాసుకున్న సంగతి ఇది. ఎవరీ లోట్టో, ఇంత శపథం పట్టించినవాడు? నా పీడీఎఫ్‌లో వెతికితే పేరే లేదు.

ఫోన్లో వెతికితే మొదట వచ్చింది రెకనాటి ఊళ్ళో ఉన్న బొమ్మ, 1534 ప్రాంతంలోది. మేరీమాతకి దేవదూత శుభవార్త చెప్పే ఘట్టం. ఈ ఘట్టాన్ని మనం వందసార్లు చూసుంటాం: ఒక పక్క దేవదూత, ఇంకో పక్క తలవంచిన మేరీ, మధ్యలో ప్రశాంతత. లోట్టో మేరీ అలా లేదు. దేవదూతకి వీపు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, మనవైపు తిరిగేసింది. తలుపు దగ్గర అలికిడైతే మనం ఉలిక్కిపడతామే, అచ్చం అదే. వెనక అరలో పుస్తకాలు, కొవ్వొత్తి, కిందకి వేలాడుతున్న తువ్వాలు. పైన మబ్బుల్లోంచి దేవుడు రెండు చేతులూ చాపి, చెరువులోకి దూకేవాడిలా వంగి ఉన్నాడు. వీళ్ళందరి మధ్యలో, నట్టనడి గదిలో, వీపు విల్లులా వంచి, తోక లేపి పారిపోతున్న ఒక పిల్లి. దాని నీడ నేల మీద పడింది. దేవదూత నీడ కూడా పడింది. అంటే వచ్చినవాడు దర్శనం కాదు, బరువున్న మనిషి. ఆ పిల్లికి ముందు తెలిసింది, మేరీకి తర్వాత తెలిసింది.

పగిలిన స్క్రీన్ మీద, గీతల మధ్యలోంచి, ఆ పిల్లిని ఎంతసేపు చూశానో లెక్క లేదు. ఆ రాత్రి మాక్ టెస్ట్ రాయాల్సింది. రాయలేదు.

తర్వాత మనిషి గురించి చదివాను. 1480 ప్రాంతంలో వెనిస్‌లో పుట్టాడు. కానీ వెనిస్‌లో టిషియన్ ఉన్నాడు. మర్రిచెట్టు కింద ఇంకో మొక్క మొలవదంటారు కదా. ట్రెవీసో, రెకనాటి, రోమ్, బెర్గమో, మళ్ళీ వెనిస్, అంకోనా, ఇలా పని దొరికిన చోటికల్లా తిరిగాడు. 1538 నుంచి 1556 దాకా తన చేత్తో రాసుకున్న జమాఖర్చుల పుస్తకం ఇంకా ఉంది. ఎవరికి ఏం వేశాడో అంతా రాశాడు. 1540లో ప్రొటెస్టంట్ మత సంస్కర్త మార్టిన్ లూథర్, ఆయన భార్య బొమ్మలు వేసినట్టూ అందులో ఉంది. 1546 వీలునామాలో తాను ఒంటరినని, మనసు నిలకడగా లేదని రాసుకున్నాడు. 1550లో అంకోనాలో డజన్లకొద్దీ బొమ్మలు వేలానికి పెడితే చాలాభాగం మిగిలిపోయాయి. చివరికి 1554లో లొరెటోలోని పుణ్యక్షేత్రానికి తన్నుతాను అప్పగించుకుని, అక్కడే కన్నుమూశాడు. ఆ తర్వాత మూడు శతాబ్దాలు పేరు మరుగున పడింది. కళాఖండాలు సేకరించే ఆండ్రియా ఒడోనిది 1527లో ఆయన వేసిన పోర్ట్రెయిట్ ఇంగ్లండ్ రాజుల దగ్గరికి చేరి, కొరెజ్జో అనే ఇంకో చిత్రకారుడి పేరు మీద చలామణీ అయింది. 1895లో బెరెన్సన్ పుస్తకం వచ్చాకే జనం మళ్ళీ తలతిప్పి చూశారు. 1953లో వెనిస్ డోజె ప్యాలెస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. ఇంకో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జోకి మిలాన్‌లో జరిగిన 1951 ప్రదర్శన తర్వాత రెండేళ్ళకి. ఈ రెండు సంవత్సరాలూ జంటగా గుర్తుపెట్టుకోండి.

ఇక గొడవ సంగతి. మా లైబ్రరీ బ్యాచ్‌లో నలుగురం. అందులో ఒకడు శిల్పం చేసినవాడు, మాట కరుకు. నేను మూడోరోజు కూడా టీ దగ్గర లోట్టో అనేసరికి వాడికి తిక్క రేగింది.

"ఒరేయ్, ఆయన గొప్పోడని ఎవరు చెప్పారు? బెరెన్సనే కదా. ఆ బెరెన్సన్ బొమ్మల వ్యాపారి డువీన్ దగ్గర వాటా తీసుకుని సర్టిఫికెట్లు ఇచ్చిన మనిషి. మర్చిపోయిన పెయింటర్ని లేపితే ఎవరికి లాభం?"

మాట నిజమే, డువీన్‌తో ఆ లెక్కలు ఉన్నాయి. కానీ అవి 20వ శతాబ్దపు సంగతి, లోట్టో పుస్తకం 1895ది. అది చెప్పాను. వాడు ఇంకో రాయి విసిరాడు: "టిషియన్ కాలంలోనే ఆయన్ని తిట్టారుగా?" ఇదీ నిజమే. 1557లో లుదొవికో డోల్చె అనే రచయిత, చెడ్డ రంగులకి ఉదాహరణ కావాలంటే వెనిస్ కార్మిని చర్చిలో లోట్టో బొమ్మ చూడండని అచ్చేశాడు. లోట్టో పోయిన ఏడాదికి అటూ ఇటూగా. అంతకుముందు 1548లో టిషియన్ స్నేహితుడైన రచయిత అరెటినో లోట్టోకి ఉత్తరం రాస్తూ, నీలో అసూయ లేదు, భక్తి ఉంది, లోకం ఇవ్వని కీర్తి నీకు స్వర్గం ఇస్తుందని "మెచ్చుకున్నాడు". ఇలాంటి మెచ్చుకోలు మనకీ తెలుసు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి చాలా మంచిది" అన్నట్టు.

అప్పుడు నలుగురం ఆ కార్మిని బొమ్మే తెరిచాం. చర్చిలో బలిపీఠం మీద పెట్టే ఆల్టర్ బొమ్మ అది. పైన మబ్బుల్లో సెయింట్ నికొలస్, చుట్టూ దేవదూతలు. వాడు జూమ్ చేసి చూపించాడు: ఆ చల్లటి రంగులు, పక్కన టిషియన్ వెచ్చదనం పెట్టి చూస్తే నిజంగానే తేలిపోతాయి. నేను కిందికి జరిపాను. అడుగున సన్నటి పట్టీలా ఒక సముద్రపు ఒడ్డు, రేవు, మబ్బు వెలుతురు, చీమంత సెయింట్ జార్జ్ డ్రాగన్‌తో పోరాడుతున్నాడు. పైనున్న పుణ్యాత్ములతో ఈ ఒడ్డుకి సంబంధం లేనట్టే ఉంటుంది, కానీ కన్ను అక్కడే నిలుస్తుంది. ఆ కాలంలో అలాంటి వాతావరణం వేసినవాళ్ళు ఎంతమంది? వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అడుగు బాగుంది, ఆల్టర్ బాలేదు" అన్నాడు. ఇవాళ్టికీ నా తీర్పు అదే. లోట్టో ఎగుడుదిగుడు మనిషి. ఒడోని పోర్ట్రెయిట్‌లో విరిగిన శిల్పాల మధ్య ఆ గడ్డపాయన ఒక చేత్తో చిన్న ప్రతిమ చాపి, ఇంకో చెయ్యి గుండెకి ఆనించి మనల్ని చూసే చూపు టిషియన్‌కి కూడా అంత తేలిగ్గా దొరకదు. అలాగని ఆయన్ని టిషియన్ పక్కన కూర్చోబెట్టను. టిషియన్ పడిపోయినా లేచి నిలబడే బొమ్మ వేస్తాడు, లోట్టో పడితే పడినట్టే.

ఇంకో సంగతి. బెరెన్సన్ కూడా బోల్తా పడ్డాడు. లోట్టో గురువు అల్విసె వివరీని అని గట్టిగా వాదించాడు. తర్వాతివాళ్ళు బెల్లిని వైపు మొగ్గారు. చెవులూ గోర్లూ చూసే పద్ధతి పెట్టుకున్న పండితుడే గురువెవరో తప్పుగా చెప్పాడంటే, మన పీడీఎఫ్ ఎంత? ఆ రోజు నుంచి ఏ ఆన్సర్ చదివినా, ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని పక్కన రాసుకోవడం మొదలెట్టాను. కళా విమర్శలో అసర్షన్-రీజన్ ప్రశ్నలకి (ఒక మాటా, దానికో కారణమూ ఇచ్చి రెండూ సరైనవేనా అని అడిగేవి) నాకు దారి దొరికింది అక్కడే.

పరీక్షకి సూటిగా పనికొచ్చింది మాత్రం తేదీల సంగతి. లోట్టో జీవితాన్ని దండెంలా కట్టి, మిగతావాళ్ళని దాని మీద ఆరేశాను. 1508: ఈయన రెకనాటిలో పెద్ద ఆల్టర్ బొమ్మ మీద సంతకం పెట్టాడు, అదే ఏడు మైఖెలాంజెలో రోమ్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు బొమ్మలు మొదలెట్టాడు. 1509: ఈయన వాటికన్‌లో కూలి తీసుకున్నట్టు లెక్క ఉంది. రాఫెల్ అక్కడే ఉన్నాడు, కాబట్టి రాఫెల్ రోమ్ దశ అక్కడ తగిలించా. 1516: బెర్గమోలో మార్టినెంగో ఆల్టర్ పూర్తి, వెనిస్‌లో బెల్లిని మరణం. 1527: ఒడోని పోర్ట్రెయిట్, రోమ్ దోపిడీ. 1548: అరెటినో ఉత్తరం రాసేనాటికి టిషియన్ ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఐదవ చార్లెస్‌ని గుర్రం మీద వేస్తున్నాడు. 1550: అంకోనా వేలం, వసారి రాసిన కళాకారుల జీవితాల పుస్తకం మొదటి ముద్రణ. వెనిస్‌లో నిలవని లోట్టో ఆ ఏడు ఎక్కడున్నాడని అడిగితే చాలు, మిగతావాళ్ళంతా వరసలో నిలబడేవాళ్ళు. మీకు లోట్టోనే కానక్కర్లేదు. కానీ టిషియన్‌ని దండెంగా కట్టొద్దు. ఆయన పెద్దవాడు, ఆయన మీద ఆరేస్తే ఆయనే కనబడతాడు.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. సెంటర్ ఊరి బయట, ఆటోవాడితో బేరం, లోపల ఏసీ చలి. కాలక్రమం ప్రశ్నలు వచ్చినప్పుడు మొదటిసారి చెమట పట్టలేదు. రెండు ప్రశ్నల మీద డౌటు ఉన్నా ఏదో ఒక జవాబు పెట్టేశాను, మీరూ ఏదీ ఖాళీగా వదలకండి. రిజల్ట్ వచ్చిన రోజు జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) రాలేదు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత వచ్చింది. కాసేపు బాధేసింది, తర్వాత పోయింది.

మా శిల్పం వాడికీ వచ్చింది. ఆ ఆదివారం ఇద్దరం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాం. వాడు తిన్నగా మేలిముసుగు రెబెకా దగ్గరికి తీసుకెళ్ళాడు. బెంజోని చెక్కిన పాలరాయి, 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది. బెంజోని పుట్టిందీ బెర్గమో జిల్లాలోనే అని చెప్పాను. "అబ్బ, మళ్ళీ బెర్గమోనా" అంటూ తల పట్టుకున్నాడు. జనం ముసుగు చూసి నోరు తెరుస్తున్నారు. విమర్శకులెవరూ ఈ బెంజోనిని లేపడానికి ఒక్క కాఫీ కూడా తాగలేదు. మరి ఇది గొప్ప శిల్పమా, గొప్ప పనితనమా? "పనితనమే. ముసుగు తీసేస్తే ఆ ముఖంలో ఏముంది?" అన్నాడు వాడు. "ముందు ఆ వేళ్ళు చూసి మాట్లాడు" అన్నాను. మోరెల్లి చెప్పినట్టు వంగి గోర్లు చూస్తుంటే, గంట కొట్టే టైమైందని జనమంతా గడియారం వైపు పరుగెత్తారు. హాలు ఖాళీ అయింది. వాడు ఎడమ చేతి వైపు, నేను కుడి చేతి వైపు, ఇంకా వంగే ఉన్నాం.