నేరం ఒప్పుకున్నాడు సరే, రికవరీ పంచనామా చదివారా?

హైదరాబాద్‌లో జరిగే అపరాధ పరిశోధన నవల రాద్దామనుకునేవాళ్లని బాగా ఊరించే కథ ఒకటుంది. హత్య జరుగుతుంది. ఒకడు "నేనే చంపాను" అంటాడు. స్టేషనంతా హమ్మయ్య అనుకుంటుంది. ఒక్క ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం నమ్మకం కుదరదు. మంచి కథే. కానీ స్టేషన్‌లో సంతకం పెట్టిన ఒప్పుకోలుతోనే శిక్ష పడిపోతుందని అనుకుని రాస్తే అది మొదట్లోనే కూలిపోతుంది. విదేశీ నవలల్లో చెల్లే ఆ ఎత్తు మన కోర్టుల్లో చెల్లదు.

పోలీసు అధికారి దగ్గర నేరం ఒప్పుకుంటే అది ముద్దాయి మీద సాక్ష్యం కాదు. 1872 సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. మరి పోలీసులు అంత శ్రమపడి దాన్ని ఎందుకు రాస్తారు? పాత 27వ సెక్షన్ కోసం. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాటతో ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకు చెల్లుతుంది. కొత్త చట్టంలో దీన్ని 23కే మినహాయింపుగా చేర్చారు. ఈ విషయంలో ఇప్పటికీ అందరూ చూపించేది 1947 లా రిపోర్టుల్లోని పులుకూరి కోటయ్య కేసు. అది మన గుంటూరు జిల్లా కేసే. బల్లెం గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్న మాట నిలిచింది. అందరం కలిసి కొట్టి చంపాం అన్న మాటని బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ పక్కన పెట్టింది.

కాబట్టి మీ ఇన్‌స్పెక్టర్ అనుమానం ముందుగా పడాల్సింది రికవరీ మీద. "నేనే చంపాను" అన్న వాక్యం కోర్టు గుమ్మం దాటదు. కత్తి దాటుతుంది.

రికవరీ అంటే ఒక కాగితం, కన్ఫెషన్ కమ్ రికవరీ పంచనామా. ఇద్దరు పంచుల, అంటే పోలీసులు పిలిపించుకున్న బయటి సాక్షుల ఎదుట ముద్దాయి చెప్పింది రాస్తారు, అందరూ కలిసి అతను చూపించిన చోటికి వెళ్తారు, వస్తువు తీసి గుడ్డలో చుట్టి, పంచుల సంతకాలున్న చీటీ అంటించి, సీలు వేస్తారు. ప్రతి దశకీ టైమ్ ఉంటుంది. నవలకి కావాల్సిన మలుపులన్నీ ఆ టైముల్లోనే ఉన్నాయి. సాయంత్రం ఆరున్నరకి చాదర్‌ఘాట్‌లో బయల్దేరి ఆరూ యాభైకల్లా హయత్‌నగర్‌లో కత్తి తీశారని రాసుంటే, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా ఆ వేళప్పుడు ఒక్కసారైనా వెళ్లిన పాఠకుడికి మీరు ఇంకేం చెప్పక్కర్లేదు. పంచులిద్దరూ అదే స్టేషన్ కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపించేవాళ్లయితే అదొక దారి. కత్తి మూసీ ఒడ్డున, ఎవరైనా వచ్చిపోయే చోట దొరికితే డిఫెన్స్ లాయర్ మొదట అడిగేది అదే. ఆ చోటు పోలీసులకి ముందే తెలిసుంటే అసలది బయటపడ్డట్టే కాదు. కేస్ డైరీలో ముందురోజు పేజీ చూస్తే తెలుస్తుంది.

ఇక ఒప్పుకోలులో ఉన్న వివరాలు. కోర్టుకి పనికిరాకపోయినా పరిశోధకుడికి ఇవి బంగారం. ఇన్‌స్పెక్టర్ చేత ఒక పని చేయించండి. ఒప్పుకోలులోని ప్రతి వాక్యాన్నీ ఒక కాగితం మీద ఎడమవైపు రాసి, ఆ సంగతి పోలీసులకి ఎప్పుడు తెలిసిందో కుడివైపు రాయాలి: ఘటనా స్థలం పంచనామాలోనా, శవ పంచనామాలోనా, పోస్ట్‌మార్టమ్ తర్వాతా? ముద్దాయి చెప్పిందంతా పోలీసులకి అంతకుముందే తెలిసిందే అయితే ఆ ఒప్పుకోలు డొల్ల. అంతకంటే గట్టి ఆధారం ఇంకొకటుంది. పోలీసులు మొదట్లో పొరబడిన విషయాన్ని ముద్దాయి కూడా అచ్చం అలాగే చెప్పడం.

దీనికి తల గాయాన్ని మించిన ఉదాహరణ నాకు తోచదు. నెత్తి మీద చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది కాబట్టి రాడ్డుతోనో బండరాయితోనో కొట్టినా అది గీత గీసినట్టు చీలుతుంది. చూసేవాళ్లకి కత్తి గాటులాగే ఉంటుంది. శవ పంచనామాలో "కత్తి గాయం" అని రాసేస్తారు. ఉస్మానియా మార్చురీలో డాక్టర్ లెన్స్ పెట్టి చూస్తే గాయం అంచులు కమిలి ఉంటాయి, లోపల కణజాలం పోగులు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తెగకుండా ఉంటాయి, వెంట్రుకల కుదుళ్లు నలిగి ఉంటాయి. కత్తి అయితే వెంట్రుకలు కూడా శుభ్రంగా తెగుతాయి. ఇప్పుడు తేదీలు పేర్చండి. శవ పంచనామా సోమవారం, "కత్తితో తల మీద నరికాను" అన్న ఒప్పుకోలు మంగళవారం, కత్తి రికవరీ అదే రాత్రి, మొద్దు ఆయుధం అని చెప్పే పోస్ట్‌మార్టమ్ రిపోర్టు శుక్రవారం. ఆ తప్పు ముద్దాయి నోట్లోకి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? నవల మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబెట్టొచ్చు. రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) నుంచి "మనిషి రక్తమే, గ్రూపు తేలలేదు" అని రాయించండి. కత్తి పూర్తిగా అబద్ధమూ అనిపించదు, నిజమూ అనిపించదు.

భాష కూడా చూడాలి. తలాబ్‌కట్ట కుర్రాడు దక్కనీలో మాట్లాడతాడు, ఒడిశా నుంచి వచ్చిన ఇటుకబట్టీ కూలీకి తెలుగు నాలుగు ముక్కలే వస్తుంది. కాగితం మీద మాత్రం "సదరు మృతుని అడ్డు తొలగించుకోవలెననే దురుద్దేశముతో" అని ఉంటుంది. తర్జుమా ఎవరు చేశారో ఎక్కడా లేకపోతే ఇన్‌స్పెక్టర్ అక్కడే ఆగాలి.

తీసుకొచ్చింది ఒకరోజు, అరెస్టు చూపించింది ఇంకోరోజు అయితే సొంత స్టేషన్ సీసీటీవీయే సాక్షి. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది అన్నీ కనపడేలా, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. రికార్డింగ్ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచమంది. తోటి ఉద్యోగుల ఫుటేజీని తానే అడిగి తీసుకోవాల్సిన అధికారి ఎంత నలుగుతాడో రాయండి. సెల్ టవర్ లొకేషన్‌ని మాత్రం అతిగా నమ్మకండి. అది టవర్‌కి ఒక దిక్కున ఉన్న ప్రాంతాన్ని చెబుతుంది, ఇంటి నంబరు చెప్పదు.

కోర్టులో నిలిచే ఒప్పుకోలే మీ కథకి కావాలంటే ముద్దాయిని నాంపల్లి కోర్టుకి తీసుకెళ్లాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద, పాత 164 అదే, మేజిస్ట్రేట్ రాసుకుంటారు. ఒప్పుకోవాల్సిన అవసరం లేదని, ఒప్పుకుంటే నీ మీదే వాడతారని ముందే చెప్పాలి. ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు ఇవ్వడం సబబని సుప్రీంకోర్టు 1957లోనే అంది. ఆ సమయం జైల్లో గడవాలి, పోలీసుల దగ్గర కాదు. అతను వద్దంటే మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. ఈ జాగ్రత్తలన్నీ పోలీసు ఒత్తిడిని పట్టుకోవడానికే. కొడుకుని కాపాడుకోవాలనుకున్న తండ్రి నిబ్బరంగా సమాధానాలు చెబితే ఇవేవీ ఆపలేవు. అలాంటి తండ్రే ఈ కథకి సరైన ముద్దాయి అని నా నమ్మకం.

ఇదంతా కల్పనకి మాత్రమే పనికొచ్చే సరుకు కాదు. 2007లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్‌లో జరిగిన హత్యలో, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించిన యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో పోయాయి. నవల రాసేవాళ్లు ఆ ఏళ్లని మరచిపోకూడదు.

గడువులు కూడా కథ నడపాలి. హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జ్‌షీట్ పడకపోతే ముద్దాయికి బెయిల్ హక్కవుతుంది. ఆలోపే అనుమానం బలపడితే, ఆధారాలు చాలవని అదే సంహిత 189వ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టరే విడిచిపెట్టొచ్చు. ఛార్జ్‌షీట్ పడ్డాక 193వ సెక్షన్ కింద తదుపరి దర్యాప్తు ఒక్కటే దారి. విచారణ మొదలైతే దానికి కోర్టు అనుమతి కావాలి, 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా మీ ఇన్‌స్పెక్టర్ బదిలీ అయిపోతే ఆ అనుమతి అడగాల్సింది అతని కుర్చీలోకి వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టర్. ఆ కత్తిని రికవరీ చేసిన ఎస్సై ఇంకా అదే స్టేషన్‌లో, అతని కిందే పని చేస్తుంటాడు.