పెడ్డర్ రోడ్ ఎత్తు దగ్గర నడిచాను

2023 జనవరి 12, గురువారం. నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి స్టేషనంతా పండక్కి ఊరెళ్లేవాళ్లతో కిటకిటలాడుతోంది. మా ఇంట్లో అందరూ సిరిసిల్లకు బయలుదేరారు. నేనొక్కదాన్నే ముంబైకి. నా బ్యాగులో బట్టలు తక్కువ. షూస్, ఖర్జూరాలు, ఎలక్ట్రాల్ ప్యాకెట్లు, ఎనర్జీ జెల్స్ ఎక్కువ. ఆదివారం 15వ తేదీ, సరిగ్గా సంక్రాంతి నాడే ముంబై మారథాన్. కరోనా వల్ల రెండేళ్లు ఆగిపోయి మళ్లీ మొదలవుతున్న పరుగు.

కిటికీ పక్కన కూర్చున్నా మనసు మాత్రం ఆగస్టు చుట్టూనే తిరిగింది.

2022 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ నా మొదటి పూర్తి మారథాన్, అంటే 42.2 కిలోమీటర్ల పరుగు, కావాల్సింది. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా దారి పొడవునా ఫ్లైఓవర్లే. నాలుగుంబావు గంటల్లో పూర్తి చేయాలని మనసులో ఒక అంకె పెట్టుకున్నాను. ఉదయం చల్లగా ఉంది, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, పక్కన అందరూ దూసుకుపోతున్నారు. నేనూ దూసుకుపోయాను. సగం దూరం 2 గంటల 6 నిమిషాల్లో అయిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. 28వ కిలోమీటర్ దాటాక తొడలు బండల్లా అయ్యాయి. 31 దగ్గర తల తిరిగింది. 33వ కిలోమీటర్ బోర్డు పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. ఒక వాలంటీర్ అమ్మాయి నా భుజం మీద తడి టవల్ వేసింది. మళ్లీ లేవలేదు. ఫలితాల పట్టికలో నా పేరు పక్కన మూడు అక్షరాలు పడ్డాయి, డీఎన్ఎఫ్ అని. డిడ్ నాట్ ఫినిష్, పూర్తి చేయలేదని.

ఆ తర్వాత జరిగింది దానికన్నా బాధాకరం. అప్పటికే ముంబైకి పేరు నమోదు చేసుకుని ఉన్నాను. ఈసారి ఎలాగైనా పూర్తి చేయాలన్న కసితో, వారానికి 35 కిలోమీటర్లు పరిగెత్తే దాన్ని రెండు వారాల్లోనే 55కి తీసుకెళ్లాను. షూస్ కూడా పాతవే, అడుగు భాగం అరిగిపోయినవే. అక్టోబర్ మొదటి వారంలో ఉస్మానియా క్యాంపస్‌లో ఎన్‌సీసీ గేటు దగ్గర కుడి మోకాలి కింద ఎముక లోపలి వైపు నొప్పి మొదలైంది. మొదటి రెండు రోజులు పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు తగ్గిపోయేది. మూడో రోజు నుంచి తగ్గలేదు. నాలుగో రోజు మెట్లు దిగుతుంటే కూడా పొడిచింది.

ఫిజియో నన్ను కూర్చోబెట్టి ఒకటే అడిగింది. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలరా?" చూపించలేకపోయాను. జానెడు పొడవునా ఎముక అంచు వెంబడి నొప్పి. ఆమె ముఖంలో కాస్త ఊరట కనిపించింది. ఒక్క వేలితో చూపించగలిగే చోట, నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఎముకలోనే చిన్న పగులు ఉందేమోనని అనుమానించాలట. నాకున్నట్టు పొడవునా పరుచుకున్న నొప్పిని షిన్ స్ప్లింట్స్ అంటారు. ఊపిరితిత్తులు, కండరాలు పెరిగిన భారానికి త్వరగా అలవాటు పడతాయి, ఎముకలకూ వాటిని పట్టి ఉంచే కణజాలానికీ చాలా ఎక్కువ సమయం కావాలి అని ఆమె విడమరిచి చెప్పింది. మూడు వారాలు పరుగు బంద్.

ఆ మూడు వారాలూ నేను వాచ్‌ని బీరువాలో పెట్టేశాను. తెల్లవారుజామున అలవాటు కొద్దీ మెలకువ వచ్చేది. బాల్కనీలో నిలబడి రోడ్డు మీద పరిగెత్తే వాళ్లను చూస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. పరుగు మానేసినవాళ్లు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు: నొప్పికన్నా ఊరికే కూర్చోవడమే కష్టం. సైకిల్ తొక్కాను, ఈతకొలనులో నడుము లోతు నీళ్లలో పరిగెత్తాను, గోడ పట్టుకుని రోజూ మడమలు ఎత్తి దించే వ్యాయామం చేశాను. అదే సమయంలో బెర్లిన్ మారథాన్‌లో కెన్యా పరుగువీరుడు కిప్చోగే పరిగెత్తిన లెక్కలు మళ్లీ మళ్లీ చూశాను. సెప్టెంబర్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి సగం 59 నిమిషాల 51 సెకన్లు, రెండో సగం 61 నిమిషాల 18 సెకన్లు. అంతటివాడు కూడా మొదట వేగంగా వెళ్లి, తర్వాత దాదాపు నిమిషంన్నర తగ్గాడు. ఆయనకు అది నిమిషంన్నరతో పోయింది. నేను అదే పని చేస్తే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను.

అక్టోబర్ చివర్లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మూడు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు. అంతే. కొత్త షూస్ కొన్నాను. వారానికి కొంచెం కొంచెంగా పెంచి, ప్రతి నాలుగో వారం తగ్గించాను. లాంగ్ రన్ అంతా మాటలు చెప్పగలిగే వేగంలోనే. తోడు వచ్చిన స్నేహితురాలితో పూర్తి వాక్యాలు మాట్లాడలేకపోతున్నానంటే వేగం తగ్గించాలని గుర్తు. డిసెంబర్ 25న 29 కిలోమీటర్లు పరిగెత్తాను, కిలోమీటరుకు 7 నిమిషాల 20 సెకన్ల చొప్పున. ఇంటికొచ్చి అన్నం తినగలిగాను, మర్నాడు మెట్లు దిగగలిగాను. నాలుగుంబావు గంటల అంకెను ఆ రోజే వదిలేశాను. ముంబైలో కిలోమీటరుకు 7:15. పూర్తి చేసేసరికి ఐదు గంటలు దాటుతుంది. దాటనీ. ఆగస్టులో నా దగ్గర లేని కాళ్లతో పరిగెత్తాలని చూశాను. ఇప్పుడు ఉన్న కాళ్ల లెక్క ఇది.

రాత్రి రైలు షోలాపూర్‌లో ఆగినప్పుడు ప్లాట్‌ఫామ్ మీద తెలుగు వినిపించింది. మా నేతవాళ్లు తరాల కిందటే వచ్చి స్థిరపడిన ఊరు. తెల్లవారకముందే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగాను. గేటు దగ్గర కాక నిలబడి ఉన్నాడు, మఫ్లర్ చుట్టుకుని.

మా కాక 1973లో పంతొమ్మిదేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి బొంబాయికి వచ్చి వర్లీలో ఒక బట్టల మిల్లులో చేరాడు. 1982 సమ్మెలో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత కుట్టుపని చేశాడు, సైకిల్ మీద బట్టల మూటలు మోశాడు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత భవనాలు, వర్లీ బీడీడీ చాళ్లు. వాటిలో మూడో అంతస్తులో ఒక్క గది. 1920ల్లో కట్టిన ఆ చాళ్లను కూల్చి టవర్లు కట్టడం అప్పటికే మొదలైంది. వాళ్ల బిల్డింగ్ వంతు అప్పటికి రాలేదు. వరండాలో అడుగు పెట్టగానే సకినాల వాసన. చిన్నమ్మ స్టవ్ ముందు నుంచి లేవకుండానే అంది, "కాళ్లు కడుక్కొని రా బిడ్డా, వేడి వేడివి తిందువు."

తినలేదు. పరుగు ముందు రెండు రోజులు నూనె వస్తువులు, పీచు ఎక్కువుండే జొన్నరొట్టెలు వద్దని నియమం పెట్టుకున్నాను. ఆ మాట ఆమెకు చెప్పడం ముంబైలో నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని. "ఆదివారం మధ్యాహ్నం తింటా చిన్నమ్మా, అన్నీ నాకే ఉంచు" అన్నాను. డబ్బాలో పోసి మూత పెట్టింది. రెండు రోజులూ తెల్లన్నం, పప్పుచారు, పెరుగు చేసి పెట్టింది.

శుక్రవారం బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కు వెళ్లి బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు, తెచ్చుకున్నాను. సాయంత్రం కాకతో కలిసి సిటీ బస్సులో హాజీ అలీ దగ్గర దిగాను. చూడాల్సింది పెడ్డర్ రోడ్. ముంబైలో పరిగెత్తినవాళ్లు ఎవరిని కదిలించినా ఆ పేరే చెబుతారు. వెళ్లేటప్పుడు అదే రోడ్డు తెలియకుండా దాటిపోతుంది, చీకటి, కొత్త కాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు అది 35వ కిలోమీటర్ చుట్టుపక్కల ఎదురవుతుంది, ఎండలో. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్, అంటే శక్తినిచ్చే పిండిపదార్థం, చాలామందికి ముప్ఫై కిలోమీటర్ల దాకా వస్తుంది, తర్వాత తరిగిపోతుంది. సరిగ్గా ఆ తర్వాతే ఈ ఎత్తు.

"చూస్తే కనవడది బిడ్డా. సైకిల్ తొక్కితే తెలుస్తది" అన్నాడు కాక. జస్లోక్ ఆసుపత్రి దాటి కెంప్స్ కార్నర్ ఫ్లైఓవర్ దాకా ఇద్దరం నెమ్మదిగా నడిచాం. సగంలో ఆగి అడిగాడు, "గీడ నడిస్తే నిన్ను ఎవ్వలన్న ఏమన్న అంటరా?"

"అనరు కాకా."

"మరి నడువు."

అప్పటికి నాకు ఆ ఆలోచనే లేదు. మారథాన్‌లో నడవడమంటే ఓడిపోవడమని ఆగస్టు నుంచి మనసులో ముద్ర పడిపోయింది. ఆ రాత్రి కాగితం మీద రాసుకున్నాను: హాజీ అలీ తర్వాత ఎత్తు మొదలైన చోటు నుంచి నిమిషం నడక, రెండు నిమిషాల పరుగు. అలసిపోయాక నడవడం వేరు, ముందే అనుకుని నడవడం వేరు.

ఆదివారం తెల్లవారుజామున ముంబైకి అలవాటు లేని చలి. పరుగు మొదలయ్యే శివాజీ టెర్మినస్ ముందు వేలమంది చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. ఐదుంబావు ప్రాంతంలో మొదలైంది. మా వరుస గీత దాటడానికి మరో పది నిమిషాలు పట్టింది. మొదటి రెండు కిలోమీటర్లలో నన్ను వందలమంది దాటిపోయారు. ఆగస్టులోనైతే వాళ్ల వెంట పడేదాన్ని. ఇప్పుడు వాచ్ చూసుకున్నాను, 7:05. తగ్గించాను. మెరైన్ డ్రైవ్ మీద 7:15 కుదిరింది. అక్కడి నుంచి వదల్లేదు. జెల్ ఆకలి వేసినప్పుడు కాదు, ప్రతి 45 నిమిషాలకూ. నీళ్లు దాహం వేసినంత మేరకే, మధ్యమధ్య ఎలక్ట్రాల్. భయంతో మరీ ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అదీ ప్రమాదమే.

సముద్రం మీది బాంద్రా-వర్లీ సీ లింక్ వంతెన ఎక్కేసరికి తెల్లవారింది. మామూలు రోజుల్లో దాని మీద మనుషులు నడవడానికే వీల్లేదు, టూవీలర్లను కూడా రానివ్వరు. అక్కడ ప్రేక్షకులు ఉండరు, బ్యాండ్లు ఉండవు. కింద సముద్రం, పైన తీగలు, చుట్టూ వేల అడుగుల చప్పుడు. చల్లగాలికి మళ్లీ కాళ్లు ఉత్సాహపడ్డాయి. నా చుట్టూ చాలామంది వేగం పెంచారు. పెంచాలని నాకూ ఎంత అనిపించిందో! సరిగ్గా ఐదు గంటల్లో పూర్తయ్యే వేగంతో పరిగెత్తి దారి చూపే పేసర్ జెండా ఎక్కడో ముందు కదులుతూ కనిపించింది. ఆ జెండా మీద నుంచి చూపు తిప్పి సముద్రం వైపు చూస్తూ పరిగెత్తాను. సగం దూరం 2 గంటల 33 నిమిషాలు. ఆగస్టుకన్నా 27 నిమిషాలు ఎక్కువ.

మాహిమ్‌లోకి రాగానే నిశ్శబ్దం పోయింది. పిల్లలు చేతులు చాచి నిలబడ్డారు, ముసలివాళ్లు పళ్లాల్లో నారింజ తొనలు, బిస్కెట్లు, చిక్కీ ముక్కలు పట్టుకుని నిలబడ్డారు. ఒక ఇల్లాలు ఇంట్లోని ఐస్ ట్రే అలాగే తెచ్చేసింది. ఎవరింటి ముందు వాళ్లు చేసిన పంపకం అది. ఇంత ప్రేమను అంత దూరం పొడవునా నేనెక్కడా చూడలేదు.

వర్లీలో రోడ్డు పక్కన కాక. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. నన్ను చూడగానే పక్కనే నడుస్తూ, నడక చాలక చిన్నగా ఉరుకుతూ, ఒలిచిన నారింజ, కాగితంలో చిటికెడు ఉప్పు చేతిలో పెట్టాడు. "నువ్వు కూసున్న కిలోమీటరు ఏది?" అన్నాడు.

"ముప్ఫై మూడు."

"ఇంకెంత దూరం?"

"కిలోమీటరు కాకా."

"పో బిడ్డా." ఆగిపోయాడు.

ఆ కిలోమీటర్ నాకు మొత్తం పరుగులోకెల్లా పొడవైనది. కాళ్లు బాగానే ఉన్నాయి, భయమే ఎక్కువ. బోర్డు దూరం నుంచి కనిపించింది. దాని పక్కన ఎవరో కుర్రాడు వంగి మోకాళ్లు పట్టుకుని ఉన్నాడు. ఆగి, నా దగ్గర మిగిలిన ఖర్జూరాలు, ఉప్పు అతని చేతిలో పెట్టాను. "నెమ్మదిగా నడవండి, కూర్చోకండి" అన్నాను హిందీలో. బోర్డు దాటాను. ఏడుపు వచ్చేసింది, పరుగు మాత్రం ఆపలేదు.

హాజీ అలీ. ఎత్తు. కాగితం మీద రాసుకున్నట్టే నిమిషం నడక, రెండు నిమిషాల పరుగు. ఎండ మాడు మీద పడుతోంది. నేను నడుస్తున్నప్పుడు పరిగెత్తుతూ దాటినవాళ్లలో కొందరు ఫ్లైఓవర్ మొదట్లో ఆగిపోయి కనిపించారు. వాళ్లలో నన్ను నేనే చూసుకున్నాను. కెంప్స్ కార్నర్ నుంచి దిగుడు, చౌపాటీ, మళ్లీ మెరైన్ డ్రైవ్. అక్కడ నడక మానేశాను. చివరి రెండు కిలోమీటర్లు చర్చ్‌గేట్ వైపు జనం అరుపుల మధ్య పరిగెత్తాను.

5 గంటల 9 నిమిషాల 42 సెకన్లు. రెండో సగం మొదటి సగం కన్నా నాలుగు నిమిషాలే ఎక్కువ. మెడల్ మెడలో వేసిన అమ్మాయిని గట్టిగా పట్టుకున్నాను.

వర్లీ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చాల్ మెట్ల ముందు నిలబడి పైకి చూశాను. మూడు అంతస్తులు. కాక నా ముందు నడిచాడు, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ప్రతి అంతస్తులోనూ ఆగి, వెనక్కి తిరిగి నేను వచ్చేదాకా చూస్తూ. పైన వరండాలో చిన్నమ్మ సకినాల డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడి ఉంది.