బోవరీ మూల నుంచి సొరపందిరి దాకా

న్యూయార్క్‌లో బోవరీ, హ్యూస్టన్ వీధులు కలిసే మూలన, ఇనుప కంచె వెనక ఒక సన్నని తోట ఉంది. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు కలిసి చెత్తతో నిండిన ఆ ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి మొక్కలు నాటారు. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ దాన్ని నెలకు ఒక్క డాలరు అద్దెకు వాళ్ళకే ఇచ్చింది. కెమెరా పట్టుకుని, ఇరుగుపొరుగు వాళ్ళు కలిసి పెంచుకునే ఈ నగరపు సామూహిక తోటలు తిరగడం నేను అక్కడే మొదలుపెట్టాను. మొదటి రోజు తీసినవన్నీ పువ్వుల ఫొటోలే. ఇంటికి వచ్చి చూసుకుంటే, అవి ఏ ఊళ్ళో పూసిన పువ్వులో చెప్పే ఆనవాలు ఒక్క ఫొటోలోనూ లేదు.

నా చూపును మార్చింది నేను ఎన్నడూ అడుగుపెట్టలేని తోట. ఎల్‌డ్రిడ్జ్ వీధిలో, కూల్చేసిన ఇళ్ళ శిథిలాల మీద, ఆడమ్ పర్పుల్ అనే ఆయన వలయం చుట్టూ వలయంగా మళ్ళు కట్టి, గుర్రపు పెంటను ఎరువుగా మోసుకొచ్చి ఏళ్ళ తరబడి పెంచిన ‘గార్డెన్ ఆఫ్ ఈడెన్’ను 1986 జనవరిలో బుల్‌డోజర్లు చదును చేసేశాయి. చుట్టుపక్కల మేడల పైనుంచి ఎవరో తీసి ఉంచిన ఫొటోల వల్లనే ఆ వలయాల అందం ఈనాడు మనకు తెలుస్తోంది. 1999లో మేయర్ జూలియానీ హయాంలో నూరుకు పైగా తోటలు వేలానికి వచ్చినప్పుడు, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన మరో సంస్థ వాటిని కొని నిలబెట్టాయి. ఈ కథలు తెలిశాక పువ్వుకు మరీ దగ్గరగా వెళ్ళడం తగ్గించాను. కంచె, తాళం, చేత్తో రాసిన పేరు బోర్డు, పక్క మేడ గోడ, నీళ్ళ గొట్టం కూడా ఫొటోలో ఉండాలని ఇప్పుడు పట్టుబడతాను.

వెలుతురుతో మాత్రం తిప్పలు తప్పవు. మూడు వైపులా మేడలున్న తోటలో ఎండ కొద్ది గంటలే పడుతుంది. తాళం చెవులు సభ్యుల దగ్గర ఉంటాయి కనుక తెల్లవారుజామున వెళ్తానంటే కుదరదు. పల్చని మబ్బు పట్టిన శనివారం మధ్యాహ్నం దొరికితే అదృష్టమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ ప్రాంతంలో దొరికింది. నగరంలో చాలాచోట్ల పాత నేలలో సీసం ఉంటుందన్న భయంతో చెక్క పెట్టెల్లో మంచి మట్టి పోసి మళ్ళు చేస్తారు. అలాంటి ఒక పెట్టె మీద బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పాత చీర పేలికలతో కర్రలు కట్టి సొరపందిరి వేసింది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి, పొద్దు వాలుతుండగా ఆవిడ ఒక మగపువ్వును కోసి, రేకులు వెనక్కి మడిచి, పిందె ఉన్న ఆడపువ్వుకు పుప్పొడి మెల్లగా అద్దుతోంది. మా అమ్మ పెరట్లో సరిగ్గా ఇలాగే చేసేది. ఇద్దరికీ అంతంతమాత్రంగా వచ్చిన హిందీలోనే ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. ముఖం వద్దు, చేతులు తీసుకోమంది. ఆ చేతుల వెనక, మసక వెలుతురులో, కంచె అవతల ఆగిన బస్సు కూడా ఫొటోలో పడింది.

విత్తనానికని ఒక కాయను తీగకే వదిలేస్తానని, అది ముదిరాక వచ్చి తీసుకోమని ఆవిడ చెప్పింది. అక్టోబరులో వెళ్ళేసరికి పందిరి సగం ఎండిపోయింది. ఆ కాయ మాత్రం చీర పేలికతో కట్టిన ఉట్టిలో భద్రంగా వేలాడుతోంది. ఈసారి తోట పేరు బోర్డు కూడా కనబడేలా నాలుగడుగులు వెనక్కి వేసి తీశాను.