దంగ్‌దుత్ లాగ్, 11వ వారం: ‘దుత్’ జారనంటోంది

ఇండోనేషియా వాళ్ల దంగ్‌దుత్ సంగీతం డ్రమ్ములు నేర్చుకుంటూ నిన్న రాత్రి రెండున్నర గంటలు ఒకే ఒక్క దెబ్బ కొట్టాను. ఎడమ మణికట్టు వాచింది. మా కోస్ (అద్దె గదుల ఇల్లు) ఓనరమ్మ ఇంకా ఏమీ అనలేదు గానీ, పొద్దున చూసిన చూపు చాలు.

ముందు మంచి మాట: చల్తే అనే దంగ్‌దుత్ నడక 92 బీపీఎంలో (నిమిషానికి 92 బీట్లు) నాలుగు నిమిషాలు తడబడకుండా వచ్చింది. సరే, అది అయింది.

గొడవంతా దుత్‌తోనే. ఈ సంగీతానికి పేరే ఆ రెండు దెబ్బల్లోంచి వచ్చింది. నాలుగో బీటు మీద పెద్ద డ్రమ్ము ‘దుత్’ అని కింది నుంచి పైకి జారాలి, ఆ వెంటనే ఒకటి మీద ‘దంగ్’ పడాలి. జారుడు లేకపోతే అది భజనలో డోలక్కే. పదేళ్లు మృదంగం వాయించినవాణ్ణి, తొప్పి (మృదంగం ఎడమ మూత) మీద గుమికి, అంటే నొక్కి మోతను జార్చడం, నాకు కొట్టిన పిండి అనుకుని సురబాయలో ఈ డ్రమ్ముల జత కొన్నాను. ఆ పొగరు ఇప్పుడు దిగుతోంది.

పెద్ద డ్రమ్ము మూత 22 సెం.మీ., మేకతోలు, ఆరు బోల్టులు. ఫోన్‌లో రికార్డు చేసి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే నా దెబ్బ 98 హెర్ట్జ్ దగ్గర మొదలై 110 దగ్గర చతికిలబడుతోంది. అంటే స నుంచి రి దాకా. అంతే.

తోలు మరీ బిగుసుకుందేమో అని ఒక్కో బోల్టూ పావు చుట్టు వదిలాను. 87 నుంచి 98. శ్రుతి దిగింది గానీ దూరం పెరగలేదు, మళ్లీ స-రి. పోనీ వానాకాలం తేమ అనుకుని హెయిర్ డ్రయ్యర్ ఐదు నిమిషాలు పట్టాను. 104 నుంచి 117. అదీ స-రి! ఇక మన విద్య ఉండనే ఉందిగా, బొంబాయి రవ్వ తడిపి తొప్పికి పెట్టినట్టు మధ్యలో అద్దాను. 82 నుంచి 98, సాధారణ గాంధారం (రి పైన చిన్న గ) దాకా ఎక్కింది. కానీ దెబ్బలో చురుకు పోయింది, ‘గుమ్మ్’ అని కచేరీలో కూర్చున్నట్టుంది. నలభై నిమిషాల్లో రవ్వ ఎండి పెచ్చులూడింది. తర్వాత చీమలు.

శనివారం మాస్ వచ్చాడు. ఇక్కడ అన్నయ్య వరసవాళ్లని అలాగే పిలుస్తారు. మన ‘మాస్’కీ దీనికీ సంబంధం లేదు గానీ, ఆయన కొప్లో (వేగంగా సాగే దంగ్‌దుత్) అందుకుంటే రెండూ ఒకటే. రవ్వ చూసి, “తినేదా ఇది?” అన్నాడు. తుడిచేసి అదే డ్రమ్ము మీద కొట్టాడు: 98 నుంచి 147. స నుంచి ప! మూడు వారాలుగా డ్రమ్మును తిట్టినందుకు సిగ్గేసింది.

రెండు వేవ్‌లూ పక్కపక్కన పెట్టాను. ఆయన జారుడు 0.12 సెకన్లలో అయిపోతోంది. నాది 0.34. 138 బీపీఎం కొప్లోలో అర బీటు అంటే దాదాపు 0.22 సెకన్లే. నా గుమికి తీరిగ్గా ఎక్కేలోపే మోత ఆరిపోతోంది, దంగ్ వచ్చి మీద పడుతోంది. మృదంగం అలవాటు కొద్దీ నేను కొట్టాక నొక్కుతున్నానని నా అనుమానం. ఆయన కొట్టేటప్పటికే మణికట్టు తోలు మీద వాలి ఉంటోంది. లేదా మోచేతి బరువేమో, వీడియోలో సరిగ్గా తెలియడం లేదు. మణికట్టు ముందే ఆనించి వంద దెబ్బలు కొడితే 31 పనికొచ్చాయి. వాటిలో మంచిది 0.27 సెకన్లలో 123 దాకా వెళ్లింది. అంతర గాంధారం (పెద్ద గ)! గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

ఫైబర్ డ్రమ్ములు కొనమని చాలామంది చెబుతారు. మోత ఎక్కువే గానీ నా చెవికి ప్లాస్టిక్ బకెట్టే. పెళ్లిళ్లలో ఆర్గెన్ తుంగ్గల్ అని ఒక్క కీబోర్డుతో కానిచ్చేస్తారు. కొర్గ్ అయినా యమహా అయినా అందులో దుత్ ప్రతిసారీ అచ్చు ఒకేలా జారుతుంది, నాకు నచ్చనిది అదే. దంగ్‌దుత్ గాయకుడు రోమా ఇరామా తన బృందం సోనెతాతో చేసిన పాత రికార్డింగుల్లో ఏ రెండు దుత్‌లూ ఒకేలా ఉండవు. ఆయన 2003లో గాయని ఇనుల్ దరతిస్త నాట్యం మీద అంత గొడవ చేశాడు గానీ, నన్ను ఈ పిచ్చిలోకి దింపింది ఇనుల్ వైపు తూర్పు జావా కొప్లోనే. ఇద్దరూ కావాలి నాకు.

ఈ వారం కొప్లో జోలికి పోను. 92 బీపీఎంలోనే రోజుకు రెండు వందల దుత్‌లు, మోచేతి వైపు నుంచి రెండో ఫోన్‌తో వీడియో. జారుడు 147 హెర్ట్జ్ అందుకుంటే వేగం 100 బీపీఎంకి పెంచుతాను. మధ్యలో పాతతరం గాయని ఎల్యా ఖదమ్ పాత పాటలు కొన్ని ఎత్తుకోవాలని ఉంది. హిందీ సినిమా పాటల ఛాయ బాగా ఉంటుంది కాబట్టి నా చేతికి కాస్త తెలిసిన దారి. జైపొంగ్ (పశ్చిమ జావా నాట్య సంగీతం) దెబ్బలు చూపిస్తానని మాస్ ఊరిస్తున్నాడు. ముందు ఈ మణికట్టుకి ఐస్ పెట్టాలి.