మా హాల్లోకి మాగ్రిట్ వచ్చారు

బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ వేసిన ‘ఎంపైర్ ఆఫ్ లైట్’ బొమ్మ ప్రింటు ఆన్‌లైన్‌లో తెప్పించి, మా విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఫ్రేము కట్టించాను. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు కట్టే షాపు అది. షాపాయన ప్రింటుని చాలాసేపు చూసి, "పైన పగలు, కింద రాత్రి... ఇదెలాగ బాబూ?" అన్నారు. ఎంత సంతోషమేసిందో! ఆ బొమ్మ చూసే ప్రతివాళ్లకీ రావాల్సిన ప్రశ్న అదే.

పైన తెల్లమబ్బులు, నీలాకాశం. కింద చీకట్లో ఒక ఇల్లు, ఒక వీధి దీపం, కిటికీల్లో వెలుగు, ముందు నీళ్లలో ఆ దీపం నీడ. విడివిడిగా చూస్తే అన్నీ మన వీధిలో ఉన్నవే. స్పెయిన్ చిత్రకారుడు దాలీ గీసిన కరిగిపోయే గడియారాల్లాంటి వింత ఒక్కటీ లేదు, అయినా మనసు కుదురుగా ఉండదు. అందుకే కలల్లాంటి వింత బొమ్మలు గీసే సర్రియలిస్టుల్లో నాకు ఈ బెల్జియం ఆయనంటేనే ఎక్కువ ఇష్టం. 1949 నుంచి చాలా ఏళ్లు ఇదే ఊహని మళ్లీ మళ్లీ గీశారు. నేను తెచ్చుకున్నది 1954 నాటిది, అసలు బొమ్మ బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. అదే ఏడాది వేసిన ఇంకొకటి 2024లో న్యూయార్క్ వేలంలో 12 కోట్ల డాలర్లు దాటింది.

బంగారు రంగు ఫ్రేము వద్దని, సన్నటి నల్ల చెక్కే కావాలని పట్టుబట్టాను. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి కాబట్టి కిటికీ వెలుగు పడని గోడకే పెట్టాం. అమ్మకి భలే నచ్చింది, "ఆ ఇంట్లో ఎవరో మేలుకునే ఉన్నారు" అంటోంది.

విజయనగరంలో ఉన్నవాళ్లు ఎవరైనా చూడాలనుకుంటే సాయంత్రం పూట ఇంటికి రండి, టీ తాగుతూ చూద్దాం.