హోల్డెమ్ సాధన: పందెపు వరుస, ఒక చేతి లెక్క

పోకర్‌లో చేతి (ఐదు ముక్కల కూర్పు) విలువల వరుస, అంటే జత నుంచి రాయల్ ఫ్లష్ దాకా, మా నలుగురికీ కంఠతా వచ్చేసింది కనుక ఈ నెల సాధన అంతా టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలోని పందెపు వరుస మీదే సాగింది. 2017లో సవరించిన తెలంగాణ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడడం కుదరదు. ప్లాస్టిక్ చిప్పులతోనే ఆడుతున్నాం.

ముక్కలు పంచకముందే డీలరు బటను (పంచే స్థానాన్ని చూపే గుర్తు) ఉన్నవారికి ఎడమ పక్కవారు స్మాల్ బ్లైండుగా (ముక్కలు చూడకుండానే పెట్టే తప్పనిసరి పందెంగా) 5, వారి పక్కవారు బిగ్ బ్లైండుగా 10 చిప్పులు పెడతారు. రెండేసి ముక్కలు బోర్లించి పంచాక, బిగ్ బ్లైండు తరువాతివారు 10 పెట్టి కాల్ చేయాలి (అంటే పందేన్ని సరిపెట్టాలి), కనీసం 20కి పెంచాలి, లేదా ముక్కలు పడేయాలి. అందరూ కాల్ చేసి ఊరుకున్నా, పెంచే అవకాశం బిగ్ బ్లైండుకు ఇంకా ఉంటుంది. రమ్మీ అలవాటున్నవారు మరచిపోయేది దీన్నే. తరువాత అందరికీ ఉమ్మడిగా ఫ్లాప్‌లో మూడు ముక్కలు, టర్న్‌లో ఒకటి, రివర్‌లో ఒకటి తెరుస్తారు. ఈ మూడు రౌండ్లలోనూ బటను ఉన్నవారే చివర మాట్లాడతారు. నా దృష్టిలో మంచి ముక్కల కన్నా ఆ స్థానానికే విలువ ఎక్కువ.

మొన్న బటను నా దగ్గరున్నప్పుడు ఇస్పేటు ఆసు, తొమ్మిది వచ్చాయి. నలుగురూ కాల్ చేయడంతో పాట్ (మధ్యలో పోగైన చిప్పులు) 40 అయింది. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, కళావరు ఏడు పడ్డాయి. స్మాల్ బ్లైండు 20 పందెం కాయగా మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. 60 కోసం 20 పెట్టాలంటే గెలిచే అవకాశం 25 శాతం ఉండాలి. ఇంకో ఇస్పేటు పడితే ఐదూ ఇస్పేట్లే అయి ఫ్లష్ కుదురుతుంది. కానీ కనబడని 47 ముక్కల్లో ఇస్పేట్లు 9 మాత్రమే, అంటే సుమారు 19 శాతం. (ఆసు పడితే గెలుపు ఖాయమనుకోలేం కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.) ఇస్పేటు పడ్డాక ఎదుటివారి నుంచి ఇంకో 25 చిప్పులైనా రాబట్టగలిగితేనే ఆ కాల్ గిట్టుబాటవుతుంది. వారి దగ్గర చిప్పులు దండిగా ఉండడం చూసి కాల్ చేశాను. టర్న్‌లో డైమను రెండు పడింది, 80 పాట్‌లోకి 60 పందెం వచ్చింది. ఈసారి 30 శాతం కావాలి కనుక ముక్కలు పడేశాను.

ఇక సైడ్ పాట్ (తక్కువ చిప్పులున్నవారికి వాటా లేని అదనపు పాట్) సాధన చేయాలి. 50, 120, 200 చిప్పులున్న ముగ్గురూ ఆల్‌ఇన్ అయితే (ఉన్నవన్నీ పెట్టేస్తే) ప్రధాన పాట్ 150, మిగిలిన ఇద్దరి మధ్య సైడ్ పాట్ 140, మూడోవారికి 80 వెనక్కి.